పట్టికలకును ప్రోగ్రామునకును నడుమ దుబాసీ

మూసీనదికి దక్షిణపుటొడ్డున, దారుల్‌షిఫా ప్రాంతమున నున్న సాలార్‌జంగు ప్రదర్శనశాలను చూడని హైదరాబాదు వాసులు అరుదుగా నుందురు. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాను 1949లో మరణించెను. ఆయనయు, ఆయన పూర్వులును కూర్చిన వస్తుసంచయము 1951 డిసెంబరు 16వ తేదీన దివాన్ దేవిడీ భవనమున ప్రదర్శనశాలగా ప్రజలకు తెరువబడినది. 1961లో పార్లమెంటు చట్టముచే అది జాతీయ ప్రాముఖ్యము గల సంస్థ అయినది. 1968లో నేటి భవనమునకు మారినది. అందు 40,000కు మించిన కళాఖండములు కలవు. అవి కాక వ్రాతప్రతులును, అచ్చు పుస్తకములును వేలకొలది కలవు.

ఇట్టి చోట ప్రతి వస్తువునకు ఒక సంఖ్య ఉండవలయును. ఒక వివరణ ఉండవలయును. అది ఏ గదిలో, ఏ బీరువాలో నున్నదో వ్రాసి యుండవలయును. లెక్కలో లేని వస్తువు ఉండియు లేనట్టిదే. అది పోయినను పోయినదని తెలియదు. దొరికినను ఎవరిదో తెలియదు. కావుననే ప్రదర్శనశాలలకు వస్తువులెంత ముఖ్యమో, వాని రిజిస్టరులును అంత ముఖ్యము.

ఈ రిజిస్టరులు నేడు కంప్యూటరులోనికి ఎక్కినవి. భారతదేశమునందలి పది ప్రదర్శనశాలల వస్తువులను ఒకచోట చూపు జాతీయ జాలస్థలము 2014లో ఆరంభమైనది. అందు సాలార్‌జంగు ప్రదర్శనశాలయు, నాగార్జునకొండ ప్రదర్శనశాలయు చేరియున్నవి. దానికొరకు 'జతన్' అను ఉపకరణమును సి-డాక్ అను ప్రభుత్వ సంస్థ తయారుచేసినది. నేటి ప్రసంగము ఆ ఉపకరణమును గూర్చినది కాదు. ప్రదర్శనశాలను మనము ఉదాహరణగా మాత్రమే తీసికొందము. జావా అను కంప్యూటరు భాషలో వ్రాసిన ప్రోగ్రాము ఇట్టి వివరములను ఎట్లు గ్రహించును, ఎట్లు భద్రపరచును, ఆ రెంటికిని నడుమ 'ఆబ్జెక్టు-రిలేషనల్ మ్యాపింగు' అను ఏర్పాటు ఎందులకు వచ్చినది, దానివలన మేలెంత, కీడెంత అనునది నేటి విషయము. బ్యాంకులోని మన ఖాతా, రైలు టిక్కెట్టు, ఆసుపత్రి చీటీ, విద్యుచ్ఛక్తి బిల్లు ఇవన్నియు నేడు కంప్యూటరు పట్టికలలోనే నిలిచియున్నవి. వానిని నడుపు ప్రోగ్రాములలో జావాలో వ్రాసినవి అనేకములు. కనుక ఇది ప్రతి కుటుంబమునకు సంబంధించిన విషయమే.

మొదట పట్టికను గూర్చి చెప్పుకొందము. పత్తర్‌గట్టీలోని బట్టల వర్తకుని ఆవర్జా పుస్తకము చూచినవారికి పట్టిక క్రొత్తది కాదు. నిలువున గడులు, అడ్డముగ వరుసలు. ఒక్కొక్క వరుస ఒక్కొక్క సంగతి. 1970లో ఐ.బి.ఎమ్. సంస్థలో పనిచేయుచుండిన ఇ. ఎఫ్. కాడ్ అను గణితజ్ఞుడు ఈ పాత పద్ధతికే గట్టి శాస్త్రమును కల్పించెను. సమాచారమంతయు పట్టికలలోనే ఉండవలయును. ప్రతి వరుసను గుర్తించుటకు ఒక ప్రత్యేకసంఖ్య ఉండవలయును. ఒక పట్టికలోని వరుస మరియొక పట్టికలోని వరుసను సూచింపవలసినచో ఆ సంఖ్యనే వ్రాసికొనవలయును. దీనినే రిలేషనల్ పద్ధతి యందురు.

దీనిలోని లాభమును చూడుడు. మన ప్రదర్శనశాలలో 'మేలిముసుగు రెబెకా' అను పాలరాతి విగ్రహము కలదు. ఇటలీ శిల్పి జొవాన్నీ మరియా బెంజోనీ దానిని చెక్కెను. మొదటి సాలార్‌జంగు 1876లో రోము నగరమున దానిని కొనెను. శిల్పి పేరును ప్రతి వస్తువు ప్రక్కను వ్రాయుచు పోయినచో ఒకచోట బెంజోనీ అనియు, ఒకచోట బెన్‌జొని అనియు పడును. అట్లుగాక శిల్పుల పట్టికలో ఆయనకు ఒకే వరుసనిచ్చి, వస్తువుల పట్టికలో రెబెకా వరుసయందు ఆ వరుస సంఖ్యను మాత్రము వ్రాసినచో, తప్పు దిద్దవలసినప్పుడు ఒక్కచోట దిద్దిన చాలును. ఈ పట్టికలను ప్రశ్నించుటకు ఎస్.క్యూ.ఎల్. అను ప్రత్యేకభాష 1974 ప్రాంతమున పుట్టి, నేటికిని వాడుకలో నున్నది.

ఇక రెండవ పక్షము. ప్రోగ్రాములు వ్రాయువారు పట్టికలలో ఆలోచింపరు. నార్వే దేశమున దాల్, నీగార్డ్ అను ఇరువురు 1960 తరువాతి దశకమున సిమ్యులా అను భాషను నిర్మించిరి. ప్రపంచమును వస్తువులుగా, అనగా ఆబ్జెక్టులుగా చూచుట ఆనాటినుండి అలవాటైనది. 1995లో సన్ సంస్థ వెలువరించిన జావా భాషయు ఈ త్రోవనే నడచినది. జావాలో మొదట ఒక అచ్చు తయారగును. దానిని క్లాసు అందురు. ఆ అచ్చునుండి పోతపోసిన ఒక్కొక్కటి ఒక్కొక్క ఆబ్జెక్టు. కళాఖండము అను అచ్చునుండి రెబెకా యను ఆబ్జెక్టు వచ్చును. ఆ ఆబ్జెక్టునకు తన పేరు, తన శిల్పి, తన ఎత్తు తెలియును. అంతేకాదు, తాను చేయవలసిన పనియు తెలియును. 'నిన్ను మరియొక గదికి మార్చుచున్నాము' అని చెప్పినచో, తన క్రొత్త చోటును తానే గుర్తుంచుకొనును.

కాని ఆబ్జెక్టులకు ఒక లోపము కలదు. అవి కంప్యూటరు జ్ఞాపకశక్తిలో మాత్రమే జీవించును. కరెంటు పోయినను, ప్రోగ్రాము ఆగినను అన్నియు మాయమగును. పట్టికలైననో, పళ్లెములమీద వ్రాయబడి నిలిచియుండును. కనుక ఆబ్జెక్టులోని సంగతిని పట్టికలోనికి దింపుటయు, మరల పట్టికనుండి ఆబ్జెక్టును నిలువబెట్టుటయు తప్పనిసరి యైనది. దీనినే శాస్త్రజ్ఞులు 'పర్సిస్టెన్స్' అందురు. మనము నిలుకడ యనవచ్చును.

ఇందు కష్టమేమి యని మీరడుగవచ్చును. ఆ ప్రదర్శనశాలలోనే మెఫిస్టోఫిలీసు, మార్గరెట్టా అను జంట విగ్రహము కలదు. ఒకే కొయ్యదిమ్మె. ముందునుండి చూచిన పొగరుబోతు పురుషుడు. వెనుకనుండి చూచిన తలవంచిన కన్య. వెనుక నొక అద్దమును నిలిపియుంచుటచే రెండు రూపములును ఒకేసారి కనబడును. మన సమాచారమును అట్టిదే. ఒకవైపునుండి చూచిన పట్టిక. మరియొకవైపునుండి చూచిన ఆబ్జెక్టు. దిమ్మె ఒకటే యైనను ముఖములు పొసగవు. ఈ పొసగమి ముఖ్యముగ నాలుగుచోట్ల కనిపించును.

మొదటిది గుర్తింపు. పట్టికలో 125వ సంఖ్య గల వరుస ఒక్కటే. జావాలోనైనచో అదే వరుసను రెండుమారులు చదివి రెండు వేరు ఆబ్జెక్టులను నిలువబెట్టవచ్చును. అవి రెండును ఒకటేనా, వేరా? జావాలోనే ఈ ప్రశ్నకు రెండు తీరుల జవాబులు కలవు. చోటు ఒకటేనా అనునది ఒకటి, విలువ ఒకటేనా అనునది మరియొకటి.

రెండవది బంధుత్వము. పట్టికలో బంధుత్వమునకు దిక్కు లేదు. శిల్పి సంఖ్యనుబట్టి వస్తువును వెదకవచ్చును, వస్తువునుబట్టి శిల్పిని వెదకవచ్చును. ఆబ్జెక్టులలో బంధుత్వము వ్రేలితో చూపినట్టిది. రెబెకా బెంజోనీని చూపును. బెంజోనీ రెబెకాను చూపవలెనన్నచో వేరుగ వ్రాయవలయును.

మూడవది జాతులు. గడియారము కళాఖండమే, వ్రాతప్రతియు కళాఖండమే, కత్తియు కళాఖండమే. గంట గంటకు చిన్న బొమ్మ వెలుపలికి వచ్చి గంటకొట్టు సంగీత గడియారమును చూచుటకు జనులు గుమిగూడుట మీరెరిగినదే. గడియారమునకు యంత్రము కలదు, పత్రముల సంఖ్య లేదు. వ్రాతప్రతికి పత్రముల సంఖ్య కలదు, యంత్రము లేదు. ఒక సామాన్యమైన అచ్చునుండి విశేషమైన అచ్చులను పుట్టించుట జావాకు సహజము. పట్టికకు అది తెలియదు. అన్ని జాతులను ఒకే పట్టికలో కుక్కినచో సగము గడులు ఖాళీగా నుండును. సామాన్య వివరములను ఒక పట్టికలోను, విశేష వివరములను వేరు పట్టికలలోను ఉంచినచో చదువునప్పుడెల్ల రెంటిని కలుపవలయును. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క సంపూర్ణమైన పట్టిక నిచ్చినచో 'ఈ గదిలోని వస్తువులన్నియు చూపుము' అను చిన్న ప్రశ్నకు అన్ని పట్టికలను గాలింపవలసి వచ్చును. మూడు మార్గములును ఉన్నవి. మూడింటికిని మూల్యము కలదు.

నాలుగవది అంగములు. ఎత్తు, వెడల్పు, మందము అను మూడింటిని కలిపి 'పరిమాణము' అను చిన్న ఆబ్జెక్టుగా చేయుట జావాలో చక్కని పద్ధతి. పట్టికలో అవి మూడు గడులు మాత్రమే.

జావా ప్రోగ్రాము పట్టికలతో మాటలాడుటకు 1997లో జె.డి.బి.సి. అను మార్గము ఏర్పడినది. దానితో ఎస్.క్యూ.ఎల్. వాక్యములను ప్రోగ్రాము వ్రాయువాడే స్వయముగ కూర్చవలయును. వచ్చిన వరుసలోని మొదటి గడిని పేరుగను, రెండవ గడిని తేదీగను, మూడవ గడిని ఎత్తుగను తీసి ఆబ్జెక్టులో పెట్టవలయును. తిరిగి వ్రాయునప్పుడు ఇదే పనిని తలక్రిందులుగ చేయవలయును. వస్తువునకు ఇరువది గడులున్నచో ఇరువది పంక్తులు. పట్టికకు ఒక క్రొత్త గడిని చేర్చినచో చదువుచోట, వ్రాయుచోట, మార్చుచోట అంతటను దిద్దవలయును. ఒక్కచోట మరచినచో తప్పు వెంటనే కనబడదు. ఏ ఆరునెలలకో ఒక గడి ఖాళీగా బయటపడును. తెలివిగలవారి కాలమంతయు ఈ ఎత్తిపోతలోనే గడచుచుండెడిది.

ఇట్టి చోట దుబాసీ యవసరమగును. పాతబస్తీకి ఈ మాట క్రొత్త కాదు. రాజకార్యములు మొదట ఫారసీలోను, తరువాత ఉర్దూలోను నడచిన ఈ నగరమున తెలుగు రైతు అర్జీ దివాణమునకు చేరవలెనన్న రెండు భాషలు నెరిగినవాడు నడుమ నిలువవలసియుండెను. ఆబ్జెక్టు-రిలేషనల్ మ్యాపింగు, పొడి అక్షరములలో ఓ.ఆర్.ఎమ్., అట్టి దుబాసీయే. జావాకొరకు ఇట్టి దుబాసీలు 1990 తరువాతి దశకముననే పుట్టినను, విశేషముగ వ్యాప్తిలోనికి వచ్చినది 2001లో ఆస్ట్రేలియా దేశీయుడు గావిన్ కింగ్ ఆరంభించిన హైబర్నేట్. ఇట్టివాని అనుభవము నాధారముగ గొని 2006లో జావా పర్సిస్టెన్స్ ఏ.పి.ఐ., అనగా జె.పి.ఎ., అను ఉమ్మడి నియమావళి వెలువడినది. హైబర్నేట్, ఎక్లిప్స్‌లింక్ మున్నగునవి దాని ననుసరించి నడచునవి. ఆ నియమావళి ఇప్పుడు జకార్తా పర్సిస్టెన్స్ అను పేరుతో చెల్లుచున్నది; 2020లో ప్రోగ్రాములలో వాడు దాని మూలనామము సయితము మారినది.

ఈ దుబాసీకి పని యొప్పగించుట సులభము. కళాఖండము అను క్లాసు మీద 'ఎంటిటీ' అను గుర్తు నుంచవలయును. ఇది పట్టికలో నిలుపదగినది అని దాని యర్థము. సంఖ్య గల గడిపై 'ఐడి' అను గుర్తు. వరుసను గుర్తించునది ఇదే యని యర్థము. శిల్పిని చూపు గడిపై 'మెనీ టు వన్' అను గుర్తు. అనేక వస్తువులకు ఒక శిల్పి యని యర్థము. పరిమాణముపై 'ఎంబెడెడ్' అను గుర్తు. దీనికి వేరు పట్టిక వలదు, ఈ వరుసలోనే గడులుగ పరచుము అని యర్థము. ఇంతమాత్రముచే దుబాసీ ఎస్.క్యూ.ఎల్. వాక్యములను తానే కూర్చుకొనును.

అది పనిచేయు తీరును వర్తకుని చిట్టాతో పోల్చవచ్చును. వర్తకుడు పగలు జరిగిన బేరములను చిట్టాలో వ్రాసికొని, సాయంకాలము ఆవర్జాలోని ఆయా ఖాతాలకు ఎక్కించును. దుబాసీయు ఒక పని ఆరంభమైనప్పుడు ఒక చిట్టాను తెరచును. దీనిని 'పర్సిస్టెన్స్ కాంటెక్స్టు' అందురు. 125వ వస్తువును ఒకమారు చదివినచో దాని ప్రతిని చిట్టాలో నుంచుకొనును. అదే పనిలో మరల దానిని సంఖ్యతో అడిగినచో డేటాబేసు వద్దకు పోక, ఆ ఆబ్జెక్టునే ఇచ్చును. ఒక వరుసకు ఒకే ఆబ్జెక్టు అను నియమము దీనివలన నిలుచును. మనము చెప్పుకొన్న మొదటి చిక్కు ఆ పని పరిధిలో తీరును. చదివినప్పటి విలువలను గుర్తుంచుకొని, పని ముగియునప్పుడు ఏవి మారినవో తానే పోల్చి చూచును. మారినవానికి మాత్రమే పట్టికలో దిద్దుబాటు పంపును. అన్నియు కలిసి ఎక్కవలయును, లేదా ఒకటియు ఎక్కరాదు. రెబెకాను ఒక గది లెక్కనుండి తీసి, మరియొక గది లెక్కలో చేర్చుటకు నడుమ కరెంటు పోయినచో, విగ్రహము ఏ గదిలోను లేకుండ పోరాదు గదా!

ఇంతవరకు మేలు. ఇకమీద దుబాసీని నమ్మి యజమాని నిద్రించినచో కలుగు కీడులను చెప్పవలయును. ఇవియే నేటి ప్రసంగమునకు ముఖ్యమైనవి.

మొదటిది సోమరి చదువు. రెబెకాను చదివినప్పుడు బెంజోనీ వివరములను సయితము తేవలయునా? అవసరమైనప్పుడే తెత్తునని దుబాసీ వాయిదా వేయవచ్చును. దీనిని 'లేజీ లోడింగు' అందురు. ఒక వస్తువు విషయమున ఇది మంచిదే. కాని నూరు వస్తువుల జాబితాను, ఒక్కొక్కదాని శిల్పి పేరుతో అచ్చువేయవలెననుకొనుడు. శిల్పులు వేరు వేరైనచో వస్తువులకొరకు ఒక ప్రశ్న, ఒక్కొక్క శిల్పికొరకు ఒక్కొక్క ప్రశ్న. మొత్తము 101 ప్రశ్నలు! గిడ్డంగికి బంట్రోతును నూటొక్కమారు త్రిప్పినట్లు. రెండు పట్టికలను కలిపి అడిగినచో ఒక్క ప్రశ్నతో తీరెడి పని యిది. కార్యాలయములో పది వస్తువులతో పరీక్షించినప్పుడు ఎవరికిని తెలియదు. వేలకొలది వస్తువులు చేరిన పిదప, జనులు వరుసకట్టిన వేళ తెలియును. కిటికీవద్ద గుమాస్తా 'సర్వరు నెమ్మదిగా నున్నది' అని చెప్పినప్పుడు, కొన్ని సమయములందు కారణమిదియే.

సోమరితనమునకు మరియొక ఫలితము. చిట్టాను మూసిన తరువాత 'శిల్పి ఎవరు?' అని అడిగినచో, దుబాసీ మూసిన పుస్తకమును తెరువక ఫిర్యాదు చేయును. హైబర్నేట్ వాడు విద్యార్థులు మొదట ఎదుర్కొను పొరపాటులలో ఇది యొకటి. చిట్టాను ఎప్పటికిని మూయకుండ నుంచుట దీనికి మందు కాదు. ఏ పనికి ఏమేమి కావలయునో ముందే యోచించి, ఒకేసారి అడుగుట మందు.

రెండవది మిక్కిలి భయంకరమైనది. దీనిని 'క్యాస్కేడు' అందురు; ఒకదానిపై చేసిన పని దాని బంధువులకును ప్రాకుట. శిల్పిని క్రొత్తగా చేర్చునప్పుడు ఆయన చెక్కిన విగ్రహములను సయితము చేర్చుట సుఖమే. కాని తుడుచుట యందును అదే గుర్తును పెట్టినారనుకొనుడు. బెంజోనీ పేరు రెండుమారులు ఎక్కినదని గ్రహించి ఒక గుమాస్తా అందొకదానిని తుడిచివేయును. రెబెకా ఆ పేరుకే కట్టుబడి యున్నచో శిల్పితోపాటు రెబెకా వరుసయు పోవును. పాలరాయి గదిలోనే యుండును, లెక్కలో నుండదు. 'అన్నిటికిని వర్తించును' అను ఒక్క మాటను బద్ధకముచే వ్రాసిన ఫలమిది. యజమాని పోయిన అతనితో పోదగినవి వేరు, నిలువదగినవి వేరు. ఒక బిల్లు పోయినచో దానిలోని పంక్తులు పోవచ్చును. శిల్పి పేరు పోయినచో శిల్పము పోరాదు. ఈ తారతమ్యము దుబాసీకి తెలియదు. ప్రదర్శనశాల పని తెలిసిన మనుష్యునికే తెలియును.

మూడవది పట్టికలను దుబాసీచేతనే నిర్మింపజేయుట. క్లాసులను చూచి తగిన పట్టికలను తానే కట్టగల శక్తి దీనికి కలదు. నేర్చుకొనువారికి ఇది యుపయోగకరము. కాని అమరిక పత్రములో 'తుడిచి మరల నిర్మింపుము' అను అర్థమిచ్చు ఒక ఎంపిక కలదు. పరీక్షలకొరకు ఉద్దేశింపబడిన ఆ ఎంపికతో అసలు డేటాబేసును ముట్టినచో, ప్రోగ్రాము ఆరంభమైనంతనే పాత పట్టికలు పోయి ఖాళీ పట్టికలు వెలయును. 1908 సెప్టెంబరులో మూసీ వరదవచ్చి నగరమును ముంచినది. ఈ వరదకు వర్షము సయితము అక్కరలేదు. ఒక్క మాట చాలును. కనుక అసలు పట్టికలలో మార్పులను మనుష్యుడు చదివి సమ్మతించిన ఎస్.క్యూ.ఎల్. పత్రములతోనే, ప్రతిని భద్రపరచిన పిదపనే చేయవలయును. పట్టికలను తుడుచు అధికారమును ప్రోగ్రామునకు ఈయకుండుట మేలు.

నాలుగవది ఇరువురు ఒకేసారి దిద్దుట. ఒక గుమాస్తా రెబెకా గదిని మార్చుచుండగా, మరియొకరు ఆమె వివరణను సవరించుచున్నారు. ఇరువురును పాత ప్రతినే చదివిరి. దుబాసీ సామాన్యముగ వరుసనంతటిని తిరిగి వ్రాయును గనుక, తరువాత వ్రాసినవాని ప్రతి మొదటివాని పనిని మరుగుపరచును. దీనికి చక్కని విరుగుడు కలదు. ప్రతి వరుసలోను 'వెర్షన్' అను ఒక సంఖ్య నుంచి, దిద్దినప్పుడెల్ల ఒకటి పెంచవలయును. నేను చదివినప్పుడు ఏడు; ఇప్పుడు ఎనిమిది; అనగా నడుమ నెవరో దిద్దిరి. అప్పుడు దుబాసీ వ్రాయక ఆపి, క్రొత్త ప్రతిని చదువుమని చెప్పును. ఇంత రక్షణకు కావలసినది ఒక్క గడి, ఒక్క గుర్తు.

ఐదవది భావమునకు సంబంధించినది. సాలార్‌జంగు భాండాగారమున అరబ్బీ, ఫారసీ, ఉర్దూ వ్రాతప్రతులు కలవు. ఇట్టి ప్రతుల చివర వ్రాయసకాడు వ్రాసిన తేదీ తరచుగ హిజ్రీ శకమున నుండును. పెక్కుమారులు సంవత్సరము మాత్రమే యుండును. హిజ్రీ 1100 అన్నచో అది 1688 అక్టోబరున మొదలై 1689 అక్టోబరున ముగిసినది. ఏ క్రీస్తు సంవత్సరమని వ్రాయుదురు? జావాలో హిజ్రీ పంచాంగమునకు 2014నుండి ఒక క్లాసు కలదు. కాని అది మొదట వెలువడినప్పుడు దానిలోని లెక్కలు హిజ్రీ 1300 మొదలు 1600 వరకే యుండినవి. అంతకు ముందటి ప్రతులకు అది తోడు రాదు. పట్టికలో 'తేదీ' యని ఒకే గడిని పెట్టినచో, గుమాస్తా ఏదో ఒక దినమును కల్పించి నింపవలసి వచ్చును. పట్టిక నిండును, సత్యము పోవును. దీనికి బదులుగ, ప్రతిలో నున్నది ఉన్నట్లు ఒక గడిలోను, దానికి సరిపడు క్రీస్తు సంవత్సరములలో మొదటిది ఒక గడిలోను, తుదిది ఒక గడిలోను వ్రాసినచో సరిపోవును. ఈ మూడింటిని కలిపి 'కాలనిర్ణయము' అను ఆబ్జెక్టుగా జావాలో చూడవచ్చును. ఒక్క గుర్తుతో దుబాసీ దానిని మూడు గడులలో పరచును. దుబాసీ ఇచట గొప్పగా పనిచేయును. కాని మూడు గడులు కావలెనని దానికి తోచదు. అది వ్రాతప్రతిని చూచినవానికి తోచవలయును.

ఇట్టి చిక్కుల మూలముననే 2006లో టెడ్ న్యూవర్డ్ అను ప్రోగ్రాము రచయిత ఈ పద్ధతిని వియత్నాం యుద్ధముతో పోల్చెను. దిగుట సులభము, పోనుపోను బయటపడుట కష్టము అని ఆయన భావము. అటుతరువాత సయితము ఈ పద్ధతి విడువబడక, లోకమున విరివిగ వాడబడుచునే యున్నది. ఏలయన, దీనిని వదలినవాడు మరల ఆ ఇరువది పంక్తుల ఎత్తిపోతకే పోవలయును. కనుక యుక్తమైన దారి మధ్యమార్గమే. ఒక వస్తువును తీసికొనుట, దిద్దుట, దాచుట వంటి నిత్యకృత్యములను దుబాసీకి విడువవచ్చును. సంవత్సరాంతపు లెక్కలు, వేల వరుసలను ఒక్కసారి మార్చుట, అనేక పట్టికలను కలిపి సంగ్రహము చేయుట వంటివానికి ఎస్.క్యూ.ఎల్. భాషలోనే నేరుగ మాటలాడవలయును. ఉమ్మడి నియమావళియే ఇట్టి నేరు సంభాషణకు త్రోవ విడిచియున్నది. దుబాసీ పంపుచున్న వాక్యములను కాగితముమీదికి తెప్పించుకొని అప్పుడప్పుడు చదువుట మంచి అలవాటు. అట్లు చదివినవానికి నూటొక్క ప్రశ్నలు కంట పడకపోవు.

మన ఇండ్లలోని యువకులును, యువతులును పెక్కుమంది నేడు జావా చదువుచున్నారు. తరగతిలో మొదటి దినముననే హైబర్నేట్ చేతికి వచ్చుచున్నది. నాలుగు గుర్తులు పెట్టినంతనే పని జరుగుచున్నది. పని జరిగినది గదా యని ఆగిపోవుట సహజము. వారికి పెద్దలు చెప్పదగిన మాట యొకటే. ముందుగ ఒక తెల్లకాగితముపై పట్టికలను గీయుడు. రెండు మూడు ప్రశ్నలను ఎస్.క్యూ.ఎల్.లో చేతితో వ్రాయుడు. ఏ వరుస పోయిన ఏది నిలువవలయునో ఆ పని యెరిగినవారిని అడుగుడు. అటుపిమ్మట దుబాసీని పిలువుడు. రెండు భాషలును తెలిసిన యజమాని వద్ద దుబాసీ చక్కగా పనిచేయును. ఒక్క భాషయే తెలిసిన యజమాని వద్ద, ఏమి పలికినను అదియే చెల్లుబాటగును.

కార్యాలయములలోని పెద్దలకు మరియొక మాట. ప్రోగ్రామును కొనునప్పుడు తెరమీద అందముగ కనబడు బొమ్మలను మాత్రమే చూడక, 'లోపలి పట్టికలు ఎట్లున్నవి? వాని వివరణ మాకిత్తురా? ఈ ప్రోగ్రాము లేకున్నను మా సమాచారమును మేము చదువుకొనగలమా?' అని అడుగవలయును. జావాను పుట్టించిన సన్ సంస్థయే 2010లో ఒరాకిల్ సంస్థలో కలిసిపోయినది. నియమావళి పేరు మారినది. హైబర్నేట్ ఎన్నో మార్పులు చెందినది. 1970నాటి పట్టిక మాత్రము పెద్దగా మారలేదు. నేటి ప్రోగ్రామును ఇరువదియేండ్ల తరువాత ఎవరును నడుపకపోవచ్చును. కాని ఆ రెబెకా అచటనే యుండును, ఆమె సంఖ్యయు అచటనే యుండవలయును. ఆనాటి గుమాస్తా, ఏ భాషలో వ్రాసిన ప్రోగ్రాముతో వచ్చినను, పట్టికను తెరచి చదివి అర్థము చేసికొనగలిగిన చాలును. నేడు ఆ పట్టికను గీసినవారు తమ పని తాము సరిగా చేసినట్లే.